రంగు మారింది... ఇంజను అదే!

పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం మనకు తెలుసు. అమెరికాలో రైలింజన్లకూ అదే తంతు. అక్కడ సరకు రవాణా రైల్వేలు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీలే. ఒకదాన్ని మరొకటి కొనేస్తుంది, లేదంటే రెండూ కలిసి కొత్త పేరు పెట్టుకుంటాయి. అంతే, నిన్నటిదాకా నీలంరంగులో తిరిగిన ఇంజను నల్లగా మారిపోతుంది. ఎర్రటి ముక్కున్నది పసుపు పూసుకుంటుంది. వయసు మళ్లినదైతే కొత్త రంగుకు నోచుకోకుండానే తుక్కుకు వెళ్లిపోతుంది. ఆ పాత రంగులన్నీ ఒకేచోట చేరి ఫొటో దిగిన ఊరొకటుంది. అదే నార్త్ కరోలినా రాష్ట్రంలోని స్పెన్సర్.

సగం దారిలో ఊరు

తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడిన షార్లెట్ నగరం నుంచి కారులో ముప్పావు గంట వెళితే స్పెన్సర్ వస్తుంది. వాషింగ్టన్‌కీ అట్లాంటాకీ సరిగ్గా నడుమ ఉంటుంది. ఆవిరి ఇంజన్లు అంత దూరం ఒక్క బిగిన పోలేవు కాబట్టి సగం దారిలో వాటికి మరమ్మతు కావాలి. అందుకే 1896లో సదరన్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు కట్టింది. కంపెనీ తొలి అధ్యక్షుడు శామ్యూల్ స్పెన్సర్ పేరే ఊరికీ వచ్చింది. మంచిరోజుల్లో ఇక్కడ దాదాపు 3 వేలమంది పనిచేసేవారు. 1924లో కట్టిన రౌండ్‌హౌస్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మధ్యలో ఇంజన్ని గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్, దానిచుట్టూ అర్ధచంద్రాకారంలో 37 గదులు. ఒక్కో గదికి ఒక్కో ఇంజను.

ఆ వైభవాన్ని దెబ్బతీసింది డీజిల్. 1953కల్లా సదరన్ రైల్వే ఆవిరికి పూర్తిగా స్వస్తి చెప్పింది. పెద్ద అమెరికన్ రైల్వేల్లో ఆ పని చేసిన మొదటిది అదే. డీజిల్ ఇంజనుకి అన్ని చేతులు అక్కర్లేదు, సగం దారిలో ఆగాల్సిన అవసరమూ లేదు. దాంతో 1960లో వర్క్‌షాపు మూతపడింది. దాన్ని నమ్ముకున్న ఊరు ఎంత కుదేలై ఉంటుందో చెప్పనక్కర్లేదు. తర్వాత ఆ కట్టడాలు రాష్ట్రప్రభుత్వం చేతికి వచ్చి, రవాణా మ్యూజియంగా మారాయి. ఇంజన్లకు మరమ్మతులు చేసిన చోటే వాటిని చూడ్డానికి జనం వస్తున్నారు.

ఇరవై రంగుల ఫొటో

2012 జులై మొదటివారంలో ఆ టర్న్‌టేబుల్ చుట్టూ కనీవినీ ఎరుగని దృశ్యం. సరికొత్త ఇంజన్లు ఇరవై నిలబడ్డాయి, ఏ రెండిటి రంగూ ఒకటి కాదు! అన్నీ నార్‌ఫోక్ సదరన్ రైల్వేవే. 1982లో సదరన్, నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వేలు కలవడంతో పుట్టిన ఆ కంపెనీకి అప్పటికి ముప్పై ఏళ్లు. ఆ సందర్భంగా తనలో కలిసిపోయిన పాత రైల్వేల రంగుల్ని కొత్త ఇంజన్లకు వేయించింది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్, ఈరీ, రీడింగ్, వాబాష్, వర్జీనియన్... ఇలా ఇరవై పేర్లు. చివరికి పాత ‘నార్‌ఫోక్ సదరన్’ కూడా అందులో ఉంది. అవును, ఆ పేరుతో అంతకుముందే ఒక చిన్న రైల్వే ఉండేది. 1974లో సదరన్ దాన్ని తనలో కలుపుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత ఆ పేరునే పెద్ద కంపెనీకి పెట్టారు!

ఒకే షెడ్డు... నాలుగు జెండాలు

ఈ ఇరవైలో తొలి ఇంజను ముస్తాబైంది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆల్టూనాలో. కాన్‌రైల్ నీలంరంగు వేసుకుని బయటికొచ్చింది. ఆ ఊరి కథ వింటే ఇంజన్లకే కాదు, మనుషులకూ రంగులు ఎలా మారతాయో అర్థమవుతుంది. కొండల నడుమ ఉన్న ఆల్టూనాను పెన్సిల్వేనియా రైల్‌రోడ్ పెంచి పోషించింది. శతాబ్దంపాటు దానికి బద్ధశత్రువు న్యూయార్క్ సెంట్రల్. 1968లో ఆ రెండూ చేతులు కలిపి పెన్ సెంట్రల్ అయ్యాయి. ఇంజన్లకు నల్లరంగు వేసి ‘పి’, ‘సి’ అక్షరాలు పెనవేసుకున్నట్టు తెల్లగా రాయించారు. ఆ గుర్తుని చూసి గిట్టనివాళ్లు ‘జతకట్టిన పురుగులు’ అని నవ్వుకునేవాళ్లు. నవ్వినట్టే అయింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1970 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది.

దాన్నీ, దివాలా తీసిన మరికొన్ని రైల్వేల్నీ కలిపి 1976 ఏప్రిల్ 1న ప్రభుత్వం కాన్‌రైల్‌ని ఏర్పాటుచేసింది. నల్ల ఇంజన్లు నీలమయ్యాయి. ఆ సంస్థ నిలదొక్కుకుని లాభాల బాట పట్టింది. 1999 జూన్ 1న దాన్ని నార్‌ఫోక్ సదరన్, సీఎస్ఎక్స్ పంచుకున్నాయి. ఆల్టూనా మొదటిదాని వాటాకి వచ్చింది. నీలం ఇంజన్లు మళ్లీ నల్లబడ్డాయి. ఊరు కదల్లేదు, షెడ్డు కదల్లేదు... జీతం చెక్కు మీద పేరు మాత్రం మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా ఉద్యోగుల గుండెల్లో ఒకటే ప్రశ్న: ‘ఈసారి ఉంచేది ఎవర్ని, పంపేది ఎవర్ని?’ ఆ భయం ఉత్తదేమీ కాదు. పక్కనే హాలిడేస్‌బర్గ్‌లో బోగీలు బాగుచేసే వర్క్‌షాపు 2001లో మూతపడింది.

ముందు అతుకు... తర్వాతే రంగు

రెండు కంపెనీలు కలిసిన రోజు ముందొచ్చే చిక్కు రంగు కాదు, నంబరు. ఇద్దరి దగ్గరా 5000 నంబరు ఇంజనుంటే కంప్యూటర్ దేన్ని వెతకాలి? అందుకే మొదట నంబర్లు మారుస్తారు. పాత నంబరు మీద ఓ పట్టీలా రంగు పూసి కొత్తది రాస్తారు. రైలు ప్రేమికులు దాన్ని ‘ప్యాచ్’ అంటారు. 1996లో యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్‌ని కొన్నాక ఏళ్ల తరబడి జరిగింది ఇదే. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి ముక్కు ఉన్న ఇంజన్ల మీద పసుపు అతుకులు వెలిశాయి.

మొత్తం రంగు మార్చాలంటే ఇంజను కొన్నిరోజులు షెడ్డులోనే ఉండాలి. పాతరంగు గీకాలి, అద్దాలూ గొట్టాలూ కప్పాలి, ప్రైమర్ కొట్టాలి, ఆపైన అసలు రంగు, గీతలు, అక్షరాలు. అన్ని రోజులూ ఇంజను సంపాదన ఉండదు. అందుకే పెద్ద మరమ్మతుకు వచ్చినప్పుడే ఆ పని పెట్టుకుంటారు. ఆ వంతు రాకముందే కొన్నింటికి వయసు మీదపడుతుంది. కొలరాడో, యుటా కొండల్లో తిరిగిన రియో గ్రాండె రైల్వే ఇంజను 5371 సంగతే చూడండి. 1988లో ఆ రైల్వే, సదరన్ పసిఫిక్ ఒక్కటయ్యాయి. ఆ తర్వాత యూనియన్ పసిఫిక్ వచ్చింది. అన్ని చేతులు మారినా ఆ ఇంజను తన సొంత రంగులోనే నడిచింది. తోటివన్నీ రంగు మారడమో తుక్కవడమో జరిగి, చివరికి అదొక్కటే మిగిలింది. 2009లో దాన్ని యుటాలోని ఆగ్డెన్ రైల్వే మ్యూజియానికి కానుకగా ఇచ్చారు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. పనికొచ్చే ఇంజన్ని చిన్నచిన్న లోకల్ రైల్వేలు కొనుక్కుంటాయి. చట్రం గట్టిగా ఉంటే కొత్త ఇంజనూ కొత్త వైరింగూ బిగించి మరో పాతికేళ్లకు సిద్ధం చేస్తారు. ఎస్‌డీ40-2 అనే రకాన్ని 1972 నుంచీ దాదాపు 4 వేలు తయారుచేశారు. వాటిలో చాలా ఇంజన్లు ఇలా రెండో జీవితం చూసినవే. వీటిని తయారుచేసిన ఎలక్ట్రో-మోటివ్ కంపెనీ మనకూ పరిచయమే. మన గూడ్సు బండ్లను లాగే డబ్ల్యూడీజీ-4 ఇంజను డిజైన్ దానిదే. ఇక దేనికీ పనికిరావనుకున్నవి గ్యాస్‌ కట్టర్ల ముందుకు వెళతాయి. కోసేటప్పుడు పైరంగు పెచ్చులూడి కింద పాత కంపెనీ అక్షరాలు కనిపిస్తుంటాయి. అవే ఆ ఇంజను చివరి మాటలు.

మనకూ ఓ విలీనం ఉంది

తెలుగువాళ్లకు ఈ కథ కొత్తదేమీ కాదు. నిజాం స్టేట్ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. అదే ఏడాది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దక్షిణ రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. ఒకే స్టేషన్లో ఒకే ఉద్యోగి పదిహేనేళ్లలో మూడు రైల్వేల కింద పనిచేసిన రోజులవి. కాకపోతే మన దగ్గర యజమాని సర్కారు కాబట్టి ఇంజను రంగు కంపెనీని బట్టి కాక, షెడ్డుని బట్టి మారుతూ వచ్చింది.

మళ్లీ రంగుల వేళ

చెరిపేసిన రంగుల్ని కంపెనీలే తిరిగి పూయించడం వెనక వ్యాపారం లేకపోలేదు. యూనియన్ పసిఫిక్ 2005, 2006 సంవత్సరాల్లో తనలో కలిసిన ఆరు రైల్వేల రంగుల్ని ఆరు ఇంజన్లకు వేసింది. సదరన్ పసిఫిక్ రంగున్న దాని నంబరు 1996. అంటే, విలీనమైన సంవత్సరం. సీఎస్ఎక్స్ మాత్రం 2023లో తన తొలి వారసత్వ ఇంజనుకి 1827 అని నంబరిచ్చింది. అది బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే పుట్టిన ఏడాది. ఒకరు చావుతేదీ రాస్తే, ఇంకొకరు పుట్టినతేదీ రాశారన్నమాట!

ఇప్పుడు నార్‌ఫోక్ సదరన్ వంతొచ్చేలా ఉంది. 2025 జులైలో యూనియన్ పసిఫిక్ దాన్ని దాదాపు 8,500 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పందం ప్రకటించింది. రైల్వేల విలీనాన్ని అనుమతించాల్సింది అక్కడి ‘సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు’. అది ఊ అంటే అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరం వరకూ ఒకే సరకు రైల్వే అవుతుంది. అప్పుడు గుర్రం తల బొమ్మతో తిరిగే నల్ల ఇంజన్ల సంగతేంటి? ఆల్టూనాలో నాలుగో పేరూ పోయి అయిదో పేరు వస్తే, ఆ చెక్కులు అందుకునే చేతులు ఎన్ని మిగులుతాయి? రంగుదేముంది, ఎప్పుడో ఒకప్పుడు ఏ వారసత్వ ఇంజను మీదో మళ్లీ పూస్తారు. పోయిన ఉద్యోగాలకే అలాంటి ప్యాచ్ ఏదీ లేదు.