మొరపెట్టే ఓపిక లేనప్పుడు

2021 మే నెలలో మా ఆయన పోయారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మాది సీతాఫల్‌మండి. కరోనా రెండో విడత అప్పుడు ఇల్లిల్లూ తిరుగుతోంది. మామూలు జ్వరమే అనుకున్నాం. రెండు మూడు రోజులకే ఆయాసం మొదలైంది. ఎదురింటివాళ్లు ఆక్సీమీటర్ ఇస్తే ఆయన వేలికి తగిలించి కూర్చున్నాను. ఆక్సిజన్ 94 కంటే తగ్గకూడదన్నారు. రాత్రికి 91, తెల్లవారుజాముకి 86. తీసి ఇంకో వేలికి పెట్టాను. నా వేలికి పెట్టుకుని చూశాను, మిషన్ బాగానే ఉంది. మళ్లీ ఆయన వేలికి పెడితే మళ్లీ అదే అంకె. మా అబ్బాయి తెలిసిన ప్రతి ఆస్పత్రికీ ఫోన్ చేశాడు. చివరికి బెడ్ దొరికింది గానీ మనిషి దక్కలేదు.

మే 12 నుంచి లాక్‌డౌన్. ఉదయం 6 నుంచి 10 వరకే బయట తిరగనిచ్చేవారు. చర్చి మూసేశారు. సమాధుల తోటకి నలుగురైదుగురం వెళ్లాం. పాస్టరు అయ్యగారు మాస్కు వేసుకుని దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. మా ఆయన ముఖం చూడనివ్వలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ముఖం చూడకుండానే మట్టి వేసి వచ్చాను.

ఆ తర్వాత నాకు ప్రార్థన రాలేదు. చిన్నప్పటి నుంచి తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకోవడం అలవాటు. మోకాళ్లూనితే చాలు, మాటలు వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు మోకాళ్ల మీద ఉంటే నేల చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. సంఘం జూమ్‌లో కూడుకునేది. "సిస్టర్, దేవుడు మిమ్మల్ని ఎలా నిలబెట్టాడో సాక్ష్యం చెప్పండి" అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. కానీ నేను నిలబడి లేను. మైకు ఆన్ చేసి ఏమీ మాట్లాడలేక ఆపేశాను. భక్తి సన్నగిల్లిందని కొందరు అనుకున్నారు. దేవుడు కూడా అలాగే అనుకుంటున్నాడేమోనని రాత్రుళ్లు భయపడేదాన్ని.

మా సంఘంలో ఒక పెద్దామె ఉన్నారు, రిటైరైన నర్సు. లాక్‌డౌన్ ఎత్తేశాక ఇంటికి వచ్చి, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా బైబిల్ తెరిచి 88వ కీర్తన చదివారు. చాలా నెమ్మదిగా, ఒక్కో వాక్యానికీ ఆగుతూ చదివారు. మొరపెట్టే మిగతా కీర్తనల్లో చాలావాటిలో చివరికి ఏదో ఒక స్తుతి వస్తుంది. ఇందులో రాదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా అది దేవునికి చేసిన ప్రార్థనే, పరిశుద్ధ గ్రంథంలో ఉంది. "తల్లీ, ఇవాళ ఏమీ అడగొద్దు. ఊరికే ఆయన ముందు కూర్చో" అన్నారు. ఊపిరి పీల్చేటప్పుడు "యేసూ", వదిలేటప్పుడు "కరుణించు" అనుకోమన్నారు.

అది ఆమె కల్పించిన పద్ధతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడి కేక అది. ప్రాచ్య సంఘాల సన్యాసులు దాన్నే యేసు ప్రార్థనగా వందల ఏళ్లు శ్వాసతో కలిపి జపించారు. నెమ్మదిగా చదవడానికీ ఒక దారి ఉంది. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో రెండో గీగో అనే సన్యాసి దానికి నాలుగు మెట్లు రాశాడు: చదవడం, నెమరు వేయడం, ప్రార్థించడం, చివరికి మాటలు మాని దేవుని సన్నిధిలో ఉండిపోవడం.

మొదట్లో ఏమీ జరిగినట్టు అనిపించలేదు. కుళాయి నీళ్లు పట్టుకున్నాక కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. ఎంఎంటీఎస్ రైలు వెళ్తే గోడకున్న ఫొటో అదిరేది. మనసు ఆ 86 దగ్గరికే పరుగెత్తేది. అటు పోయినప్పుడల్లా కోప్పడకుండా మళ్లీ యేసు పేరు దగ్గరికి తెచ్చుకోవడమే పని అని పెద్దామె చెప్పారు. ఒకరోజు "కరుణించు" అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. సమాధి దగ్గర రాని ఏడుపు. ఆయన ముఖం చూడనివ్వలేదని, ఎందుకిలా చేశావని దేవుణ్ణి నిలదీసి ఏడ్చాను. చాలా కాలం తర్వాత నేను చేసిన నిజమైన ప్రార్థన అదే.

అలా కూర్చునేటప్పుడు మా అత్తగారి మాట గుర్తొచ్చేది. ఆవిడ ముషీరాబాద్ దగ్గర గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లోని హెబ్రోను మందిరానికి వెళ్లేవారు. అక్కడి బోధకులు భక్త్ సింగ్ గారు గంటల తరబడి మోకాళ్ల మీద ఉండేవారని చెప్పేవారు. దేశమంతా తిరిగి ప్రసంగించిన ఆయన చివరి ఏళ్లలో పార్కిన్సన్స్‌తో మంచం పట్టి, 2000 సెప్టెంబరులో ప్రభువు దగ్గరికి వెళ్లారు. మోకాళ్లూ గొంతూ సహకరించని ఆ ఏళ్లలో ఆయన ప్రార్థన ఆగిపోయిందని నేను నమ్మను. మన మాట ఆగినచోట ఆత్మే మన పక్షాన మూలుగుతాడని పౌలు రోమా సంఘానికి రాసింది ఇందుకేనని నాకు ఇప్పుడు అర్థమైంది.

నా దుఃఖం పోలేదు. ఎందుకు తీసుకెళ్లాడన్నదానికి జవాబూ రాలేదు. కానీ జవాబు లేకపోయినా దేవుని ముందు కూర్చోగలుగుతున్నాను. అబద్ధమాడకుండా "ఆమేన్" అనగలుగుతున్నాను.

మన సంఘాల్లో పాటలున్నాయి, ఉపవాస ప్రార్థనలున్నాయి, అన్నీ కావాలి. మౌనానికీ మొరకూ కూడా చోటు ఇవ్వండి. చావు జరిగిన ఇంటికి వెళ్తే అప్పుడే సాక్ష్యం అడగకండి. ఒక కీర్తన నెమ్మదిగా చదివి, కాసేపు పక్కన కూర్చుని, వాళ్లను ఏడవనివ్వండి. ప్రార్థన రావడం లేదని కుమిలిపోతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అది వచ్చేదాకా ఆగకండి. రాకపోయినా వెళ్లి కూర్చోండి. దేవుడు మిమ్మల్ని పంపించేయడు.