లేని పన్ను

కుడివైపు కింది దవడలో నాకొక పన్ను లేదు. 1998లో సెలవుకి తెనాలి వెళ్ళినప్పుడు పీకించేసుకున్నాను. రూట్ కెనాల్ చేస్తే నిలుస్తుందని డాక్టరు గారు చెబుతూనే ఉన్నారు. నాలుగు రోజుల్లో తిరుగు ప్రయాణం. మళ్ళీ మళ్ళీ వెళ్ళి నోరు తెరుచుకుని కూర్చునే తీరికెక్కడిది? "పీకెయ్యండి" అన్నాను. సాయంత్రానికి ఇంట్లో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నాను.

ఆ తరవాత పాతికేళ్ళకి పైగా న్యూజెర్సీలో ఎడమవైపు నమిలి నెట్టుకొచ్చాను. 2024లో ఎడమవైపు కూడా మొరాయించింది. మా ఆవిడ చేసిన చేగోడీలు కాఫీలో నానబెట్టుకుని తింటుంటే మా అమ్మాయి చూడలేకపోయింది. "ఇంప్లాంట్ పెట్టించుకో నాన్నా, ఇన్సూరెన్స్ ఉందిగా!" అంది.

ఉంది. నెలనెలా జీతంలోంచి కోస్తూనే ఉన్నారు.

డెంటిస్టు చెప్పిందేమిటంటే, దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ, దాని మీద అబట్‌మెంట్, ఆపైన క్రౌన్. స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి కొన్ని నెలలు ఆగాలి. అంతా కలిపి 4,800 డాలర్లు. పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ వాళ్ళు ఎంత ఇస్తారో రాసి అడుగుదామన్నాడు.

ఆ రాత్రి పాలసీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. క్లీనింగుకి నూరు శాతం, ఫిల్లింగుకి ఎనభై, పెద్ద పనులకి యాభై. ఇంప్లాంటు పెద్ద పనుల్లో ఉంది. అంటే 2,400 వాళ్ళదే! సంబరంగా పేజీ తిప్పాను. ఏడాది మొత్తానికి వాళ్ళిచ్చేది 1,500 మించదట. క్లీనింగులూ ఎక్స్‌రేలూ అప్పటికే అందులో కొంత తినేశాయి. కారు ఇన్సూరెన్సయినా, ఇంటి ఇన్సూరెన్సయినా చిన్న దెబ్బలు మనకొదిలేసి పెద్ద దెబ్బకి ఆదుకుంటుంది. పళ్ళదేమో చిన్న ఖర్చుల దగ్గర చెయ్యి పట్టుకు నడిచి, పెద్ద ఖర్చు కనపడగానే సందు మలుపు తిరుగుతుంది.

"స్క్రూ డిసెంబరులో వేయించుకుని క్రౌన్ వచ్చే ఏడు పెట్టించుకోండి. రెండేళ్ళ డబ్బూ వస్తుంది" అంది మా ఆవిడ. అకౌంటెంటుని నేనే, ఆ ఆలోచన మాత్రం ఆవిడది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పాలసీ మొదలవకముందే పోయిన పన్నుకి బదులు పెట్టే దేనికీ డబ్బివ్వరట. దాని పేరు మిస్సింగ్ టూత్ క్లాజు. ఫోన్ చేస్తే, "మీ పన్ను ఎప్పుడు తీశారు?" అని అడిగింది అవతలి అమ్మాయి. మా ఆవిడ పక్కనుంచి, "తెనాలిలో పీకిన పన్నుకి ఇక్కడ కాగితాలెక్కడున్నాయండీ? మొన్ననే అనండి!" అని గుసగుసలాడింది. నాకూ ఒక్క క్షణం నోట్లోదాకా వచ్చింది. కానీ ఎక్స్‌రేలో ఆ చోట ఎముక తరిగిపోయి కనపడుతోంది. అంతకన్న కాగితం ఏం కావాలి? "1998" అన్నాను. కొన్ని పాలసీల్లో ఆ క్లాజే ఉండదట. మా స్నేహితుడొకడి పాలసీలో లేదు. అయితే వాడికి ఇంప్లాంటు ఖరీదు కాకుండా, అంతకన్న చవకైన బ్రిడ్జి ఖరీదు లెక్కగట్టి ఇచ్చారు.

రిటైరయ్యాక చూసుకుందామంటే, ఒరిజినల్ మెడికేర్ ఇలాంటి పళ్ళ జోలికి రాదు.

చివరికి దారి చూపించింది మా ఆఫీసు ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంటు. టాక్సు పడకముందే జీతంలోంచి పక్కన పెట్టే డబ్బు. 2025కి పరిమితి 3,300 డాలర్లు. నెలనెలా కోసేదే అయినా మొత్తం జనవరి నుంచే వాడుకోవచ్చు. నవంబరులోనే రాసిచ్చేశాను. మిగతాది చేతిడబ్బు.

"పన్ను కట్టని డబ్బుతో పన్ను కట్టించుకుంటున్నా" అన్నాను మా అమ్మాయితో. దానికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పేసరికి హాస్యం కాస్తా ఆవిరైపోయింది.

ఫిబ్రవరిలో స్క్రూ వేశారు, ఆగస్టులో క్రౌన్ పెట్టారు. ఇంటికి రాగానే చేగోడీల డబ్బా కోసం వెతికితే, మా ఆవిడ దాన్ని పై అరలో పెట్టి, కింద స్టూలు కూడా తీసేసింది.