పేరు రాయని గడి

మా పల్నాడులో సున్నం రాతి నుంచి వస్తుంది. పిడుగురాళ్ళ బట్టీల దగ్గర తట్టలు మోసే ఆడవాళ్ళ పొక్కిన చేతులు చూస్తూ పెరిగాను. కోట్ల ఏళ్ళ కిందట ఆ రాయీ సముద్రం అడుగునే పేరుకుంది. గుల్లలున్న జీవులు ఇంకా పుట్టని కాలమది. అందుకే మా రాతిలో చిప్పల జాడ ఉండదు. కాకినాడ తీరంలో మాత్రం సున్నం గుల్లల నుంచి వచ్చేది.

జంతుశాస్త్రం చదివిన స్నేహితురాలు హోప్ ఐలాండ్ దగ్గర మొలస్కుల సర్వేకి వెళ్తూ నన్నూ రమ్మంది. గోదావరి ఒండ్రుతో ఏర్పడి, దాదాపు 16 కిలోమీటర్లు సాగిన ఇసుక దిబ్బ అది. నా పని ఆమె పట్టికలో 'స్థానిక నామం' గడి నింపడం.

పాటు సమయంలో ఒడ్డు నుంచి నీళ్ళదాకా తాడు కట్టి, కొంత దూరానికొకసారి మీటరు చదరపు చట్రం వేస్తారు. అందులోని బురద జల్లెడ పట్టి, బతికున్నవి వేరుగా, ఖాళీ చిప్పలు వేరుగా లెక్కిస్తారు. అనడారా గ్రానోసా కోస్తే ఎర్రటి రక్తం కనిపించింది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే దానిలోనూ ఉంది. అద్దంలా పల్చని ప్లకూనా చిప్పలో నా వేళ్ళు కనిపించాయి.

కొంచెం అవతల గుల్లలు ఏరుతున్న ఒకామెను పేర్లు అడిగాను. "కళ్ళతో ఏం జూత్తావమ్మా, కాలితో జూడాల" అంది. ఆమె లెక్కలో ఉన్నవి తినేవి, సున్నానికి పోయేవి, కాలు కోసేవి. మా పట్టిక గడుల్లో ఈ విభజన ఇమడలేదు.

జువలాజికల్ సర్వే 2003లో ప్రచురించిన ఎన్.వి. సుబ్బారావు గారి 'ఇండియన్ సీషెల్స్' వంటి గ్రంథాలు లేకపోతే ఈ జీవుల్ని గుర్తుపట్టడమే కష్టం. ఆ శ్రమ మీద నాకు గౌరవముంది. అయితే జాతి పేరు పక్కన దాన్ని మొదట వర్ణించిన శాస్త్రవేత్త పేరు శాశ్వతంగా నిలుస్తుంది. ఏ బురదలో ఏది ఎప్పుడు దొరుకుతుందో పాదాలతో చదివిన ఆడవాళ్ళది మాత్రం జ్ఞానంగా కాక కూలిపనిగా మిగిలిపోతుంది.

మన కవిత్వమూ ఇంతే. గవ్వనీ శంఖాన్నీ ముత్యాన్నీ ఎంతో పొగిడింది కానీ లోపల బతికిన ప్రాణినీ, దాన్ని ఏరిన చేతినీ పట్టించుకోలేదు.

ఆ గడిలో ఒక్క పేరు రాసి ఊరుకోలేకపోయాను. ఆమె మాటలు ఉన్నవున్నట్టు వేరే కాగితం మీద రాసి పట్టికకి జతచేశాను. స్నేహితురాలు దాన్ని అనుబంధం అంది. నేను మూలపాఠం అంటున్నాను. మా వాదన ఇంకా తెగలేదు.