చేత్తో తిప్పిన ఇంజను

కాఠ్మండూకు విమానంలో వెళ్ళేవారికి హెటౌడా అనే ఊరు ఒకటున్నదని కూడా తెలియకపోవచ్చు. నేల మీద ప్రయాణించేవారికి మాత్రం అది మరపురాని మజిలీ. బీహారులోని రక్సౌల్ వద్ద సరిహద్దు దాటి, బీర్‌గంజ్ మీదుగా తరాయి మైదానాన్నీ, సాలవృక్షాల అడవినీ, చూరియా గుట్టలనూ గడిచిన తరువాత, రాప్తీ నది ఒడ్డున ఈ ఊరు తగులుతుంది. ఐదు వందల మీటర్ల ఎత్తు కూడా లేని ఈ చోటినుంచి త్రిభువన రాజపథం మెలికలు తిరుగుతూ పైకి లేచి, సిమ్‌భంజ్యాంగ్ కనుమ వద్ద 2,488 మీటర్ల ఎత్తును అందుకుంటుంది. కొండ ఎక్కబోయే బండ్లన్నీ ఇక్కడ కాసేపు ఆగి నీళ్ళు పోసుకుని బయలుదేరేవి. 1978లో మా అమ్మా నేనూ ఎక్కిన బండికి నీళ్ళతో పనిలేదు. అయినా అది ఒక రాత్రంతా ఆగిపోయింది.

ఈ రాజపథం పడకముందు కాఠ్మండూ లోయకు బండ్లు నడిచే దారే లేదు. భీమ్‌ఫేదీ నుంచి చీసాపానీ గఢీ, కులేఖానీ, చిత్లాంగ్‌ల మీదుగా చంద్రగిరి కొండ దాటి మనుషులు కాలినడకన పోయేవారు. లోయలో తిరగడానికి రాణా ప్రభువులు తెప్పించుకున్న మోటారు కార్లను కూలీలు కర్రలకు కట్టి, భుజాల మీద ఆ కొండలు దాటించారు. 1953లో మన సైన్యానికి చెందిన ఇంజనీర్లు పని మొదలుపెట్టి 1956 నాటికి రాజపథాన్ని సిద్ధం చేశారు. 1964లో హెటౌడా నుంచి కాఠ్మండూ వరకు 42 కిలోమీటర్ల పొడవున సరుకులు మోసే రోప్‌వే కూడా వచ్చింది. మేము వెళ్ళినప్పుడు దాని తొట్లు మా తలల మీదుగా లోయలు దాటిపోతూ ఉండేవి.

మాది గుంటూరు జిల్లా. నేను అప్పుడు ఒక బ్యాంకులో గుమాస్తాను. మహాశివరాత్రినాడు పశుపతినాథుని దర్శించాలన్నది అమ్మ చిరకాలపు కోరిక. రక్సౌల్‌లో రైలు దిగి, టాంగాలో బీర్‌గంజ్ చేరేసరికి బస్సులన్నీ యాత్రికులతో కిక్కిరిసి ఉన్నాయి. కస్టమ్స్ కార్యాలయం ముందు జర్మన్ దంపతులిద్దరు, తమ వ్యాను కాగితాలను గురించి అక్కడి ఉద్యోగికి చెప్పలేక సతమతమవుతున్నారు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీతో మధ్యవర్తిత్వం నెరిపాను. పని ముగిసిన తరువాత ఆయన వ్యాను తలుపు తెరిచి, అమ్మవైపు చూసి, లోపలికి రమ్మన్నట్లు చేయి చాపాడు.

ఆయన హానోవర్ నగరంలో బడిపంతులు. వారి వ్యాను కూడా ఆ ఊళ్ళోనే పుట్టింది. 1947 ఏప్రిల్‌లో బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు నోటు పుస్తకంలో గీసిన చిన్న బొమ్మ నుంచి రూపుదిద్దుకున్న ఈ ఫోక్స్‌వాగన్ వ్యానును 1950 నుంచి వోల్ఫ్స్‌బర్గ్‌లోనూ, 1956 నుంచి హానోవర్‌లోనూ తయారుచేశారు. ఆ రోజులలో ఐరోపా నుంచి ఇస్తాంబుల్, టెహరాన్, హెరాత్, కాబూల్, లాహోర్‌ల మీదుగా మన దేశానికి వచ్చే యువతీయువకులు ఎందరో ఇలాంటి వ్యాన్లలోనే వచ్చేవారు. దీని ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. నాలుగు సిలిండర్లు చెరొకవైపు రెండేసి చొప్పున పడుకుని ఉంటాయి. రేడియేటరు లేదు. ఒక ఫ్యాను విసిరే గాలే ఇంజనును చల్లబరుస్తుంది. నీరే లేదు కనుక ఎడారిలో మరిగిపోయేదీ లేదు, మంచులో గడ్డకట్టేదీ లేదు.

అడవి దాటి హెటౌడా సమీపిస్తుండగా, మర్యాదకోసం నేనన్నాను: “మీ బండి ఎంత మెత్తగా నడుస్తున్నది! చప్పుడే వినిపించడం లేదు.”

ఆయన జవాబు చెప్పలేదు. కొంత దూరం చెవి ఒగ్గి విన్నాడు. ఊళ్ళోకి రాగానే ఒక టీ కొట్టు పక్కన బండి ఆపి, వెనక్కు వెళ్ళి ఇంజను మూత తెరిచి నిలబడ్డాడు. తిరిగి వచ్చి, “ఈ రాత్రికి ఇక్కడే” అన్నాడు.

అమ్మకు ఇది మింగుడుపడలేదు. “ఎల్లుండే గదరా శివరాత్రి! బండి లక్షణంగా పోతూ ఉంటే ఈయన ఎందుకు ఆపాడు? చప్పుడు లేకపోవడం కూడా ఒక జబ్బేనా?” అని నన్ను నిలదీసింది. ఆ ప్రశ్నే నేను ఇంగ్లీషులో ఆయనను అడిగాను.

“జబ్బే” అన్నాడాయన. టీ బల్ల మీద చెంచాతో బొమ్మ గీస్తూ వివరించాడు. ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోనికి రానిస్తుంది, రెండవది కాలిన పొగను వెలుపలికి పంపుతుంది. ఒక చిన్న మీట వాల్వు తోకను నొక్కి దానిని తెరుస్తుంది. మీటకూ తోకకూ నడుమ, ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పోస్టుకార్డు మందం కూడా లేని ఆ సందు వల్లనే టిక్కుటిక్కుమనే సన్నని చప్పుడు పుడుతుంది. బండి నడిచేకొద్దీ వాల్వు తన పీటలోకి దిగిపోవచ్చు, వేడికి దాని కాడ సాగవచ్చు. అప్పుడు సందు తగ్గి చప్పుడు అణగిపోతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోదు. పీటకు గట్టిగా ఆనుకున్నప్పుడే వాల్వులోని వేడి బయటికి పోతుంది కనుక, ఆనుకోని వాల్వు ఎర్రగా కాలి, చివరకు తల తెగి పిస్టను మీద పడుతుంది. అంతటితో ఇంజను పని సరి. “కొండ ఎక్కేటప్పుడే ఇంజనుకు వేడి ఎక్కువ. టెహరాన్ తరువాత నేను చూసుకోలేదు. తప్పు నాదే” అన్నాడు.

“అయితే ఇప్పుడే చూడవచ్చుగదా?” అన్నాను.

“వేడిగా ఉన్నప్పుడు కొలిచిన సందు అబద్ధం చెబుతుంది. తెల్లవారేదాకా చల్లారనివ్వాలి.”

ఆయన ముఖంలో ఒక దిగులు కనిపించింది. వాల్వు అప్పటికే కాలిపోయి ఉంటే, దానిని మార్చాలంటే ఇంజను దించాలి. అంతపని చేయగల చోటు హెటౌడాలో వారికి తెలియదు. వారి దగ్గర మిగిలిన డబ్బు ఇంటికి తిరిగి వెళ్ళడానికి లెక్క పెట్టుకున్నది. మా సంగతీ అంతే. ఆ దారిన వచ్చే బస్సులలో నిలబడడానికైనా చోటు లేదు.

ఆ రాత్రి అమ్మనూ తన భార్యనూ వ్యానులోని పరుపు మీద పడుకోబెట్టి, ఆయనా నేనూ టీ కొట్టు బల్లల మీద నడుము వాల్చాము. అమ్మ తెచ్చిన సున్నుండలలో నాలుగు ఆ జర్మన్ ఇల్లాలి చేతిలో పెట్టింది. భాష తెలియని ఆ ఇద్దరూ చాలాసేపు నవ్వుకుంటూ ఉండడం నాకు వినిపించింది.

తెల్లవారేసరికి నది మీదినుంచి పొగమంచు వీధిలోకి వచ్చింది. ఆయన ఇంజను మీద అరచేయి ఆనించి, చల్లబడిందని నిర్ధారణ చేసుకున్నాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాడు. నా చేతికి స్పానర్ ఇచ్చి, జనరేటర్ పుల్లీ మధ్యనున్న పెద్ద నట్టు చూపించాడు. “ఎడమచేత్తో బెల్టును అదిమిపట్టు, లేకపోతే జారుతుంది. కుడిచేత్తో నెమ్మదిగా గడియారపు ముల్లు తిరిగేవైపు తిప్పు. చేతికి ఏమి తెలుస్తుందో చెప్పు.”

మా ఊళ్ళో తెల్లవారుజామున లారీ క్లీనర్లు ముందునుంచి హ్యాండిల్ కొట్టి ఇంజను లేపడం చిన్నతనంలో చూశాను. అది బలానికి సంబంధించిన పని. ఇది వేరు. స్పానర్ కొంత సులువుగా కదిలి, ఆపైన బిగిసింది. లోపల ఎవరో చేతిని వెనక్కు నెట్టుతున్నట్లనిపించింది. మరికాస్త బలం పెట్టగానే బుస్సుమని సడలింది. పెద్ద పుల్లీ రెండు చుట్లు తిరిగేలోగా నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కసారి అలా ఎదురు నిలవాలి. ఒకటి, నాలుగు, మూడు, రెండు అన్నది వాటి వరుస. మొదటిది బిగిసింది. నాలుగవది బిగిసింది. ఆ తరువాతిది ఎదురు నిలవకుండానే లొంగిపోయింది.

“ఇక్కడ ఏమీ లేదు” అన్నాను.

“మూడవది” అన్నాడాయన. ఆ సిలిండరుకు వచ్చే గాలిని నూనె చల్లార్చే పరికరం కొంత అడ్డుకుంటుంది కనుక, అటువంటి ఇంజనులో ముందుగా వేడెక్కేది అదేనట.

వెనుక నిలబడి అంతా చూస్తున్న అమ్మ, సంగతి నేను చెప్పకముందే గ్రహించింది. “ఇందులో వింతేముందిరా? తిరగలిలో గింజ ఉన్నదీ లేనిదీ కళ్ళతో చూస్తామా? తిప్పే చేతికే తెలుస్తుంది” అన్నది. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెబితే, ఆయన అమ్మకు తలవంచి నమస్కరించాడు.

అప్పుడాయన బండి కిందికి దూరి, తీగ బిగింపు తప్పించి వాల్వుల మూత తీశాడు. నూనె చుక్కలు మోచేతి మీదుగా కారాయి. డిస్ట్రిబ్యూటరు లోపలి ముల్లు అంచు మీది గాటుకు ఎదురుగా వచ్చేలా నేను పుల్లీని తిప్పి నిలిపాను. మొదటి సిలిండరు వాల్వులు రెండూ పూర్తిగా మూసుకుని ఉన్నాయని దాని అర్థం. అక్కడినుంచి సగం చుట్టు చొప్పున వెనక్కు తిప్పుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సిలిండర్లు వరుసగా వస్తాయి. మొదటిదానిలో ఫీలర్ గేజి రేకు సన్నగా రాసుకుంటూ దూరింది. రెండవదీ అంతే. మూడవదానిలో పొగ పంపే వాల్వు దగ్గర రేకు దూరనే లేదు. ఆయన మర వదులు చేసి సందు ఇచ్చి, మరను కదలకుండా పట్టుకుని నట్టు బిగించాడు. నాలుగవది కూడా చూసి, బండి కిందనుంచే “ఇప్పుడు మళ్ళీ ముందుకు తిప్పు” అన్నాడు.

తిప్పాను. ఒకటి. నాలుగు. మూడవ సిలిండరు దగ్గర స్పానర్ బిగిసి ఆగిపోయింది. నా అరచేతికి అంతకంటె సంతోషకరమైన అడ్డు మరెన్నడూ తగలలేదు. “ఉంది!” అని తెలుగులోనే అరిచాను. ఆయనకు ఆ మాట అర్థమయింది.

ఆ ఉదయం వ్యాను టిక్కుటిక్కుమంటూ కొండ ఎక్కింది. ఆయన తొందరపడలేదు, చిన్న గేరులోనే పోనిచ్చాడు. దారి పక్కన లాలీగురాస్ చెట్లు ఎర్రగా పూచి ఉన్నాయి. కనుమ దాటి దామన్ చేరేసరికి మబ్బులు ఇంకా కమ్మలేదు. ఉత్తరాన ఆకాశం పొడవునా హిమశిఖరాలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. అమ్మ చేతులు జోడించి, ఎంతసేపటికీ దించలేదు.

శివరాత్రినాడు బాగమతిలో స్నానం చేసి దర్శనానికి బయలుదేరబోతూ, వారు బస చేసిన చోటికి వెళ్ళాను. ఆయన అప్పటికే బండి కింద ఉన్నాడు. సందు మళ్ళీ తగ్గి ఉంటే కాడ సాగుతున్నదని అర్థం. ఇక ఆ వాల్వును నమ్మడానికి వీలులేదు. నేను పుల్లీ తిప్పాను. రేకు సన్నగా రాసుకుంటూ దూరింది. సందు పెట్టినది పెట్టినట్లే ఉంది. ఆయన బయటికి వచ్చి నూనె చేతులు తుడుచుకుని, అమ్మ కోసం ఒక కొబ్బరికాయ ఇచ్చాడు.

మరుసటి సంవత్సరమే ఇరాన్‌లో విప్లవం వచ్చింది. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించాయి. ఐరోపా నుంచి నేల మీదుగా సాగివచ్చిన ఆ వ్యాన్ల బారు అంతటితో ఆగింది. గాలితో చల్లబడే ఇంజనును బ్రెజిల్‌లో 2005 వరకు ఈ వ్యానులకు అమర్చారు. ఆ వ్యాను తయారీయే 2013లో ముగిసింది. లారీలు ముగ్లింగ్ దారి పట్టడంతో రాజపథం మీద సందడి తగ్గింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్ళూ, ఇంట్లో పిల్లలు అల్లరి చేస్తుంటే ఊరుకునేది. అల్లరి ఆగి ఇల్లు సద్దుమణిగితే మాత్రం, “ఏమయిందో చూడరా, హెటౌడా బండిలాగా ఉన్నది” అని నన్ను లేపేది. నేను లేచి వెళ్ళి చూసేవాణ్ణి. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఒకసారి మాత్రం మా చిన్నవాడు జ్వరంతో మూలన ముడుచుకుని పడుకుని ఉన్నాడు.