కొత్త తోలు కరుస్తుంది

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో రైలెక్కి సంచీ ఒళ్లో పెట్టుకునేలోపే స్మెథిక్ వచ్చేసింది. 2018 అక్టోబరు. సన్నటి తుంపర. కాలువ పక్కన ఎర్ర ఇటుకల గోడలు, హై స్ట్రీట్‌లో గురునానక్ గురుద్వారా. జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలు తయారుచేసిన సోహో ఫౌండ్రీ ఈ ఊళ్లోనే వెలసింది. తీరిక ఉంటే అదీ చూసేవాణ్ని. నా మనసంతా డౌనింగ్ స్ట్రీట్ మీద ఉంది. తోలుతో సైకిల్ సీట్లు చేసే బ్రూక్స్ కార్ఖానా ఆ వీధిలోనే.

అంతదూరం వెళ్లడానికి కారణం హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పడ్డ బాధ. అంతకుముందు ఏడాది 300 కిలోమీటర్ల బ్రెవే తొక్కాను. బ్రెవేలో ఎవరితోనూ పోటీ ఉండదు, గడువులోపు దూరం పూర్తిచేస్తే చాలు. 300కి 20 గంటలు. సూర్యాపేట దాటి వెనక్కి తిరిగేసరికి కాళ్లు బాగున్నాయి, ఊపిరి బాగుంది, కూర్చునే చోటే బాగాలేదు. నాది మెత్తగా ఉంటుందని కొన్న జెల్ సీటు. వేలితో నొక్కితే దిండులా దిగేది. ఐదారు గంటలయ్యాక ఆ మెత్తదనమే ప్రాణం తీసింది. ఎముకలు జెల్‌లో కూరుకుపోతే, పక్కనున్న జెల్ పైకి ఉబ్బి, ఎక్కడ ఒత్తిడి పడకూడదో సరిగ్గా అక్కడే ఒత్తింది. తొడలు ఒరుసుకుపోయి కమిలిపోయాయి. చివరి నలభై కిలోమీటర్లు సగం నిలబడే తొక్కాను. వెంట వచ్చిన కుర్రాడు అన్నాడు: “అన్నా, మెత్త సీటు కూరగాయలకు పోవటానికి. దూరం పోవాలంటే గట్టి సీటు కావాలె.”

ఆ మాటతో మా నాన్న సైకిల్ కళ్లముందు మెదిలింది. ఆయన బడిపంతులు. రోజూ పోనురాను పద్దెనిమిది కిలోమీటర్లు. సీటుకి ఎప్పుడూ కుచ్చుల కవరు ఉండేది. కవరు తీస్తే లోపల నల్లగా మెరిసే తోలు, వెనక వరసగా రివెట్లు, తోలు మీద రెండు గుంటలు. చిన్నప్పుడు ఎక్కితే ఆ గుంటలు నాకు కుదిరేవి కావు, గట్టు మీద కూర్చున్నట్టుండేది.

కార్ఖానాలో అడుగుపెట్టగానే ముందు ఎదురొచ్చింది వాసన. ఆ వాసన నాకు తెలుసు. మా ఊళ్లో మాదిగవాడ చివర లంద ఉండేది. సున్నంలో వేసి బొచ్చు తీసిన తోలును తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. ఊరి బావుల మోటబొక్కెనలు, ఎడ్ల మెడపట్టెలు, మా తాత కిర్రుచెప్పులు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. ఆ చేతులు లేకపోతే ఊళ్లో చుక్క నీరు పొలానికి పారేది కాదు. ఆ చేతుల్నే ఊరు వెలుపల నిలబెట్టింది. ఆ దారిన పోతూ ముక్కు మూసుకున్న పిల్లల్లో నేనూ ఉన్నాను. ఇక్కడ, ఇంగ్లండులో, అదే వాసనని గుండెనిండా పీల్చుకుంటుంటే సిగ్గేసింది. తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండు అంగళ్లకు ఓడల్లో వెళ్లేవి. మన పని విలువ అక్కడివాళ్లకు తెలిసినంత మనకు తెలియలేదు.

బ్రూక్స్ తోలు చలిదేశాల పశువులది. మందం ఐదు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పదును చేసేది మాత్రం చెట్ల కషాయంతోనే. ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఇవాళ మన బూట్లకీ బ్యాగులకీ వాడే తోలు ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది. మెత్తగా ఉంటుంది, నీళ్లకి తట్టుకుంటుంది, కానీ ఇచ్చిన ఆకారాన్ని గట్టిగా పట్టుకోదు. చెట్టు కషాయం తాగిన తోలు తడిసినప్పుడు ఎలా ఒత్తితే అలా ఒంగి, ఆరాక అదే రూపంలో బిగుసుకుంటుంది.

అది కళ్లారా చూశాను. తోలును అచ్చుకత్తితో సీటు ఆకారానికి కోస్తారు. వీపు, పిరుదుల భాగమే పనికొస్తుంది, పొట్ట దగ్గరి తోలు సాగిపోతుంది. కోసిన ముక్కని నీళ్లలో నానబెట్టి, లోహపు అచ్చు మీద పరిచి ప్రెస్సుతో ఒత్తుతారు. ఆరబెట్టి మళ్లీ ఒత్తుతారు. అంచులు కోసి, పక్కన పేరు ముద్ర వేస్తారు. యంత్రాల్లో కొన్ని దశాబ్దాల నాటివి, నూనె పట్టి నల్లబడి, ఒక్కోటి ఒక్కో శ్రుతిలో మోగుతున్నాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది రివెట్లు కొట్టే పెద్దాయన బల్ల దగ్గర. ఇనుప చట్రానికి తోలు తొడిగి, ముందు ముక్కు దగ్గరా వెనక పట్టీ దగ్గరా రాగి రివెట్లు దించుతున్నారు. మొదటి దెబ్బ మెల్లగా, రివెట్టు నిలబడటానికి. తర్వాత చుట్టూ తిప్పుతూ ఐదారు దెబ్బలు. రాగి తల విచ్చుకుని పావలా బిళ్లలా పరుచుకుంటోంది. బొటనవేలితో తడిమి చూసి, ఇంకొక్క దెబ్బ. ఆ చివరి దెబ్బ అవసరమని వేలికెలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. తర్వాత వంకీ కత్తి తీసుకుని అంచు చెక్కారు. ఐదు మిల్లీమీటర్ల తోలు అంచు నుంచి రిబ్బను లాంటి చెక్కు ఎక్కడా తెగకుండా చుట్టలుగా కిందపడింది. ఆ చెక్కు ఒకటి ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది.

కంపెనీ చెప్పుకునే కథ ఇది. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1865లో జేబులో 20 పౌండ్లతో బర్మింగ్‌హామ్ వచ్చి, మరుసటి ఏడాది గుర్రపు జీనులు, తోలు సామాను చేసే పని మొదలుపెట్టాడు. 1878లో ఆయన గుర్రం చచ్చిపోయింది. సైకిల్ అరువు తెచ్చుకున్నాడు, సీటు మీద కూర్చోలేకపోయాడు. 1882 అక్టోబరు 28న తన మొదటి సీటుకి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 2002 నుంచి కంపెనీ ఇటలీలోని సెల్లె రాయల్ వాళ్ల చేతిలో ఉంది.

“నాకు ఏది కుదురుతుంది?” అని అడిగితే పెద్దాయన సీట్ల వంక చూడలేదు, నా వంక చూశారు. “హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉంటుంది మీకు?” సీటుకి సమానంగా, అన్నాను. మూలనున్న అట్టపెట్టె ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద వేసి కూర్చోమన్నారు. మోకాళ్లు కాస్త పైకెత్తి, ముందుకి వంగి. లేచి చూస్తే ముడతల అట్ట మీద రెండు నొక్కులు. వాటి నడిమి నుంచి నడిమికి 11 సెంటీమీటర్లు. ఆ రెండు ఎముకలూ తోలు మీదే ఆనాలి, వెనకున్న ఇనుప పట్టీ మీద కాదు. అందుకే కొలతకి అటూ ఇటూ చోటు మిగిలే వెడల్పు చూసుకోవాలి. నిటారుగా కూర్చుని తొక్కేవారికి బరువంతా వెనకే పడుతుంది గనక స్ప్రింగులున్న వెడల్పాటి బి67 లాంటిది. బాగా వంగి తొక్కేవారికి సన్నటి టీమ్ ప్రొఫెషనల్, స్విఫ్ట్ లాంటివి. నాలా నడిమి రకానికి బి17. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ చేస్తున్న సీటు, వెడల్పు పదిహేడున్నర సెంటీమీటర్లు. బరువు అర కిలో పైనే. గ్రాములు లెక్కపెట్టుకునేవాళ్లకి నచ్చదు. నేను లెక్కపెట్టుకోను.

వచ్చే ముందు, నాకు తెలిసిన చిట్కా చెప్పాను. కొత్త చెప్పులు కరుస్తాయి. మా తాత కిర్రుచెప్పుల్ని రాత్రంతా ఆముదంలో నానబెట్టేవాడు. దీనికీ అలా చేయనా?

ఆయన సుత్తి కింద పెట్టారు. “వద్దు. దీని కింద ఏముంది? గాలి.”

బోర్లించి చూపించారు. నిజమే, ముక్కు నుంచి వెనక పట్టీ దాకా తోలు ఉట్టినే వేలాడుతోంది, నులకమంచంలా. నులక తడిసి మెత్తబడితే మంచం గుంటపడుతుంది. నూనెలో నానిన తోలూ అంతే. కాళ్లవైపు తాడు లాగి మంచం బిగించుకున్నట్టు, సీటు ముక్కు లోపల బిగించే బోల్టు ఒకటుంది, దానికో స్పానర్. “మొదటి ఏడాది దీన్ని ముట్టుకోకండి. తర్వాతైనా కుంగితేనే, పావు చుట్టు. అంతే.” వాళ్ల డబ్బాలోని లేపనం, పశువుల కొవ్వూ తేనెమైనం కలిసినది, అడుగున దట్టంగా, పైన పల్చగా రాసి, రాత్రి వదిలి, పొద్దున తుడవమన్నారు.

హైదరాబాద్ వచ్చి బిగించాను. మొదటి రోజు బల్ల మీద కూర్చున్నట్టే ఉంది. పైగా నున్నగా జారుతోంది, చేతుల మీద బరువు పడి మణికట్లు లాగాయి. ముక్కు వెంట్రుకవాసి పైకెత్తాక జారడం ఆగింది. రోజూ ఇరవై, ముప్పై కిలోమీటర్లు. దూరప్రయాణం పెట్టుకోలేదు, కోడెకు కాడి మప్పేటప్పుడు మొదటి రోజే బరువు బండి కట్టరు కదా. ఆరు వందల కిలోమీటర్ల దగ్గర ఒకరోజు, కొండాపూర్ సిగ్నల్‌లో ఆగినప్పుడు, పొద్దుటి నుంచీ సీటు సంగతే తలపుకు రాలేదని గమనించాను. కార్ఖానాలో నీళ్లూ ప్రెస్సూ చేసిన పనినే ఈ ఆరు వందల కిలోమీటర్లలో నా ఒంటి వేడి, చెమట, బరువు చేశాయి. అచ్చు మారింది, ఈసారి అచ్చు నేను. ఇక్కడి ఎండకి చెమట ఎక్కువ, అందుకే త్వరగా లొంగిందేమో.

వానాకాలమే భయం. పైనుంచి పడే నీళ్లకంటే వెనక చక్రం చిమ్మేవి ప్రమాదం, అవి అడుగునుంచి ఎక్కుతాయి. మడ్‌గార్డు పెట్టించాను. ఒకసారి చౌటుప్పల్ దగ్గర తడిసి ముద్దయింది. ఎండలో పెట్టాలనిపించినా నీడలో రెండు రోజులు ఆరనిచ్చాను. తడి తోలు మీద కూర్చుంటే ఆ ఒక్కరోజులోనే సాగిపోతుంది.

ఇప్పుడు నా బి17 మీద రెండు గుంటలు స్పష్టంగా కనబడతాయి. ఎడమది కాస్త లోతు. నేను ఎడమకి ఒరిగి కూర్చుంటానని తోలు చెప్పేదాకా నాకు తెలియదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కొట్టంలోంచి నాన్న సైకిల్ బయటికి లాగాను. కుచ్చుల కవరు చీకిపోయింది. కింద తోలు బిరుసెక్కి, అంచున సన్నటి పగుళ్లు, గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. టేపుతో కొలిచాను. పన్నెండు సెంటీమీటర్లు. బోర్లించి అడుగున లేపనం రాశాను, రాసింది రాసినట్టే పీల్చేసింది, మళ్లీ రాశాను. నా సీటుకి ఇంతవరకూ వాడని స్పానర్ తీసి ముక్కు కింద బోల్టుకి వేసి చూశాను. తుప్పు పట్టేసింది, కదల్లేదు. నాలుగు చుక్కలు కిరోసిన్ వేసి, నీడలో ఉంచి వచ్చాను.