ఆదివారం మూతపడే మైదానం

‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కాపలా ఉండే చోటు. పూర్వం ఇక్కడి తోటలకు ముళ్ళతీగ కంచె వేసి, దారిమీద కాపలా పెట్టినందువల్ల తార్నాకకు ఆ పేరు వచ్చిందని పాత నివాసులు చెబుతారు. ఇప్పుడు ఆ తీగా లేదు, ఆ తోటలూ లేవు. మెట్రో స్తంభాలు, ఇరానీ హోటళ్ళు, ఆటోల అరుపులు మిగిలాయి. కూడలి నుంచి విశ్వవిద్యాలయం వైపు మళ్ళి కొంతదూరం నడిచాక మాత్రం చప్పుడు తగ్గి, చెట్ల నీడ, నల్లని బండరాళ్ళు, విశాలమైన ఖాళీ నేల ఎదురవుతాయి. ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చేవారూ, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులూ, మోకాళ్ళ నొప్పులతో వైద్యులు పంపిన పెద్దవారూ అక్కడ ఒకే దారిలో నడుస్తారు.

ప్రయాణాల గురించి మాట్లాడుకోవడానికి ఈ ప్రాంగణం ఎంతో తగిన చోటు. 1917లో ఫర్మానా వెలువడి, 1918లో ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట్లో నగరంలోని అద్దె భవనాలలో నడిచింది. అడిక్‌మెట్‌లో శాశ్వత భవనాలు తలపెట్టినప్పుడు నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు నిపుణులను విదేశీ విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపింది. వారు ఐరోపా, అమెరికాలు తిరిగి వచ్చారు. ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాలు గీశాడు. 1939లో ఆర్ట్స్ కళాశాల ద్వారాలు తెరుచుకున్నాయి. ఏమి చూడాలో, ఎందుకు చూడాలో ముందే నిర్ణయించుకొని బయలుదేరినవారి ప్రయాణఫలం అలా రాతిలో నిలిచింది.

ఆ భవనం ముందు మెట్లమీద కూర్చునే నాకు మా పొరుగువారైన హాజీ సాహెబు తన ప్రయాణపు కాగితాలు చూపించారు. ఉప్పల్ దారిలోని ఒక పరిశోధన సంస్థలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్త ఆయన. హజ్ బాధ్యత నెరవేరింది. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి. అప్పు లేదు. యాభై దాటిన తర్వాత మిత్రుల ప్రోద్బలంతో గోల్కొండలో గోల్ఫ్ నేర్చుకున్నారు. నయా ఖిలా ప్రాకారాల మధ్య పరచుకొన్న మైదానం అది. 1656లో ఔరంగజేబు దాడి తరువాత కుతుబ్‌షాహీలు కోటకు చేర్చుకొన్న భాగం నయా ఖిలా. ముల్లా ఖయాలీ మసీదూ, ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షమూ ఆ పరిసరాలలోనే ఉన్నాయి. వాటిని చూడదలచిన కుటుంబాలు ముందుగా అనుమతి సంగతి కనుక్కొని వెళ్ళడం మేలు.

హాజీ సాహెబు కాగితంలో ఆరు మైదానాల పేర్లున్నాయి. అన్నీ సముద్రతీరంలోనివే. స్కాట్లాండులో మూడు, ఐర్లాండులో రెండు, అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన 1919లో తెరిచిన పెబుల్ బీచ్ ఒకటి. మొత్తం ఇరవై నాలుగు రోజులు. పెబుల్ బీచ్‌లో ఒక్క పూట ఆటకే 600 డాలర్లకు పైన చెల్లించాలి. కాగితం వెనుకవైపు ఆయన శ్రీమతి పెన్సిలుతో ఒక్క వాక్యం రాసి ఉంచారు: ‘ఈ ఆరు చోట్లా నేను ఎక్కడ కూర్చోవాలి?’

నన్ను ఆయన అడిగింది నమాజు వేళల గురించి మాత్రమే. ఆ వాక్యం కంటబడిన తరువాత వేళల దగ్గరే ఆగిపోవడం నాకు సాధ్యం కాలేదు.

గోల్ఫ్ ఎరుగని పాఠకుల కోసం కొంత చెప్పాలి. చిన్న బంతిని కర్రతో కొడుతూ, దూరంగా నేలలో తవ్విన చిన్న గుంటలో వేయడం ఈ ఆట. అటువంటి గుంటలు పద్దెనిమిది. తక్కువ దెబ్బలలో ముగించినవాడు గెలుస్తాడు. ఇది సముద్రం ఒడ్డున పెరగడానికి కారణం నేల స్వభావమే. స్కాట్లాండులో సాగుభూమికీ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బల నేల ఉంటుంది. దానిని ‘లింక్స్’ అంటారు. పంట పండదు, చెట్టు నిలవదు, ఉప్పుగాలికి ఓర్చే పొట్టిగడ్డి మాత్రం దట్టంగా పెరుగుతుంది. గొర్రెలు మేయడం వల్ల ఆ గడ్డి మరింత పొట్టిగా ఉండేది. చలిగాలికి అవి ఒదిగి పడుకున్న పల్లాలే నేటి ఇసుక గుంతలకు మూలమని చెప్పుకుంటారు. వర్షపు నీరు ఇసుకలో వెంటనే ఇంకిపోతుంది కనుక చలికాలంలోనూ ఆడవచ్చు. దేనికీ పనికిరాదని రైతు వదిలివేసిన నేల ఆటకు అన్ని విధాలా అనుకూలించింది. ఈ వ్యసనం ఎంతగా ముదిరిందంటే, యువకులు విలువిద్య సాధన మానివేస్తున్నారని 1457లో రెండవ జేమ్స్ రాజు కాలపు పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. క్రికెట్ ఉన్న రోజున పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయునిగా ఆ రాజుగారి బాధ నాకు బాగా అర్థమవుతుంది.

ఆరు పేర్లలో నా దృష్టి సెయింట్ ఆండ్రూస్ వద్ద నిలిచింది. అదీ విశ్వవిద్యాలయ పట్టణమే. అక్కడి విశ్వవిద్యాలయం 1413 నాటికే పోపు ఆమోదం పొందింది. ‘ఓల్డ్ కోర్స్’ అనే ప్రఖ్యాత మైదానం పట్టణపు చివరి వీధిని ఆనుకొని మొదలై, సముద్రం వెంబడి సాగి, తిరిగి పట్టణంలోకే వస్తుంది. పూర్వం అక్కడ ఆట ఇరవై రెండు గుంటలతో సాగేది. 1764లో కొన్నిటిని కలిపివేయడంతో పద్దెనిమిది అయ్యాయి. తరువాత లోకమంతా ఆ లెక్కనే అనుసరించింది.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఆ నేల చరిత్ర. 1797లో అప్పులపాలైన పట్టణ పాలకులు ఆ నేలను చేజార్చుకోగా, అది కుందేళ్ళ వ్యాపారుల పాలయింది. కుందేళ్ళు మైదానమంతా తవ్వివేశాయి. ఆటగాళ్ళకూ వ్యాపారులకూ ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 1821లో సమీపంలోని ఒక భూస్వామి ఆ నేలను కొని ఆటకు నిలిపాడు. 1894లో ప్రత్యేక చట్టం ద్వారా అది మళ్ళీ పట్టణం చేతికి వచ్చింది. 1974 నుంచి ఒక ట్రస్టు నిర్వహిస్తున్నది. నేటికీ మొదటి గుంటకూ చివరి గుంటకూ చెందిన గడ్డిబయలుకు అడ్డంగా ప్రజల దారి ఒకటి సముద్రం వైపు పోతుంది. పిల్లల బండి తోసుకుంటూ ఒక తల్లి దాటుతుంటే, ఎంత పేరున్న ఆటగాడైనా కర్ర దించి ఆగవలసిందే. ఆదివారాలు అక్కడ సాధారణంగా ఆట ఉండదు. ఆ రోజు పట్టణవాసులు పిల్లలతో, కుక్కలతో వచ్చి ఆ పచ్చికపై ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు. అంత ఖరీదైన గడ్డి, వారానికి ఒకరోజు అందరి ఉద్యానవనం.

ఈ సంగతి విని ఆపా, అంటే హాజీ సాహెబు శ్రీమతి, మొదటిసారిగా కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “మౌలానా, అయితే ఆదివారం నాది,” అన్నారు.

అప్పటి నుంచి కాగితం కుదించుకుపోవడం మొదలైంది. కాలిఫోర్నియా మొదట పోయింది. ఒక్క పూట కోసం మరో మహాసముద్రం దాటడం దుబారా అని నేను మొహమాటం లేకుండా చెప్పాను. తరువాత ఐర్లాండు వంతు వచ్చింది. అదీ పోయింది. స్కాట్లాండులో ఒక్క పట్టణం, పన్నెండు రోజులు మిగిలాయి. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్స్ కాక మరికొన్ని ప్రజా మైదానాలు ఉన్నాయి. వాటి రుసుము చాలా తక్కువ. ఓల్డ్ కోర్స్‌లో మంచి కాలంలో ఒక్క ఆటకు 300 పౌండ్లు దాటుతుంది. మన లెక్కలో 30,000 రూపాయలకు పైమాటే. ఒక్కసారి చాలునని హాజీ సాహెబు తానే అన్నారు.

ఆ ఒక్కసారి కూడా డబ్బుతోనే దొరకదు. చాలామంది సందర్శకులకు అక్కడ సమయం దొరికేది చీటీల ద్వారానే. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు పేరు ఇవ్వాలి, సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. ఆటలో తన స్థాయిని తెలిపే హ్యాండీక్యాప్ పత్రం చూపాలి. “చీటీ అంటే జూదం కాదా?” అని హాజీ సాహెబుకు శంక కలిగింది. పందెం సొమ్ము లేనప్పుడు, సమాన హక్కు గలవారి మధ్య వంతు నిర్ణయించడానికి చీటీ వేయడం జూదం కాదు. దైవప్రవక్త (సఅసం) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు సతీమణులలో ఎవరు వెంట రావాలో చీటీ వేసి నిర్ణయించేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉంది. గుంటకు ఇంతని పందెం కాసుకొనే అలవాటు ఆటగాళ్ళలో కొందరికి ఉంటుంది. అది జూదమే. అటువంటి జట్టులో చేరవద్దని మాత్రం చెప్పాను.

ఇక నమాజు. మొదటి ప్రణాళిక జూన్ నెలకు వేసింది. ఆ ప్రాంతం సుమారు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. జూన్‌లో అక్కడ సూర్యోదయం నాలుగున్నరకు, సూర్యాస్తమయం రాత్రి పదింటికి. అస్తమించాక కూడా పడమటి వెలుగు పూర్తిగా చెరగదు. ఆ వెలుగు ఉత్తరంగా పాకుతూ తెల్లవారి వెలుగులో కలిసిపోతుంది. ఇషా వేళను ఎలా నిర్ణయించాలన్నది ధర్మవేత్తలు చర్చించిన ప్రశ్న. రాత్రిని ఏడు భాగాలు చేయడం, రాత్రిని సగానికి పంచడం, సంధ్య మామూలుగా ముగిసే దగ్గరి ప్రాంతపు వేళను అనుసరించడం వంటి మార్గాలు సూచించారు. స్థానిక మసీదు ఏ మార్గాన నడుస్తున్నదో ప్రయాణికుడు దానినే పట్టుకోవడం సులువు. కానీ గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి అర్ధరాత్రి వరకు మేల్కొని, రెండు మూడు గంటలకే ఫజ్ర్‌కు లేచి, ఉదయం ఏడెనిమిది కిలోమీటర్లు గాలిలో నడవగలడా? ఓల్డ్ కోర్స్ నడిచి ఆడవలసిన మైదానం. బండ్లు సాధారణంగా అనుమతించరు. సెప్టెంబరు మధ్యలో అయితే పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి, ఇషా పదిలోపే వస్తుంది. ప్రయాణం సెప్టెంబరుకు మారింది. ఉదయపు సమయం దొరికితే నాలుగు గంటల ఆట జుహర్‌కు ముందే ముగుస్తుంది.

పన్నెండు రోజుల బస పదిహేను రోజులకు లోపు కనుక, హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఆయన ప్రయాణికుడే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండుగా కుదించి చేయాలి. సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు. ఎడింబరా నుంచి వచ్చేవారు లూకర్స్ స్టేషనులో దిగి బస్సు ఎక్కుతారు. జుమా కోసం, హలాల్ మాంసం కోసం టే నది దాటి డండీకి వెళ్ళి రావచ్చు. దూరం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోజు ఆట పెట్టుకోరాదని కాగితంలో రాసుకున్నాం.

మిగిలిన సందేహం గాలి. గోల్కొండ ప్రాకారాల చాటున నేర్చుకున్నవానికి సముద్రపు గాలిలో బంతి ఎటు పోతుందో తెలియదు. అందుకని ముందుగా విశాఖపట్నం వెళ్ళాలని నిర్ణయమయింది. ముడసర్లోవ వద్ద ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం. తెలుగు నేలపై తీరప్రాంతపు గోల్ఫ్ అంటే మొదట గుర్తుకు రావలసిన పేరు అదే. సికింద్రాబాదు స్టేషను మాకు దగ్గరే. అక్కడి నుంచి విశాఖ సుమారు 700 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే తెల్లవారి దిగవచ్చు. 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా నడుస్తున్నది. అతిథులకు ఏ రోజులలో, ఏ రుసుముతో ప్రవేశమో ముందే ఫోను చేసి తెలుసుకోవాలి. ఆటలో తల తిరిగినా, కాలు నొచ్చినా మరునాటికి ఇంట్లో ఉండవచ్చు. ఆ ధీమా స్కాట్లాండులో ఉండదు. మనుమలు కూడా వస్తామంటున్నారు. వారికి గోల్ఫ్‌తో పని లేదు, రామకృష్ణా బీచ్ చాలు.

ఈలోగా నడక సాగుతున్నది. తార్నాక కూడలి నుంచి ఆర్ట్స్ కళాశాల ముందు వరకు వెళ్ళి తిరిగి రావడానికి మాకు గంటకు పైగా పడుతుంది. హాజీ సాహెబు ఇప్పుడు భుజాన బరువు సంచి వేసుకొని నడుస్తున్నారు, కర్రల సంచికి అలవాటు పడాలట. చూసినవారు ఊరికి ప్రయాణమా అని అడుగుతున్నారు. నడిచే దారి పక్కన ఖాళీ నేలలో మా మద్రసా పిల్లలు కొందరు సెలవు రోజున రాళ్ళు వికెట్లుగా పెట్టుకొని ఆడుతుంటారు. బంతి దారిలోకి వస్తే పెద్దవారు ఆగి, కాలితో వెనక్కు తోస్తారు. కుందేళ్ళ వ్యాజ్యం కథ చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, “హజ్రత్, మన ఈ నేల కూడా ఎవరైనా కొనేస్తారా?” అని అడిగాడు. ఇది విశ్వవిద్యాలయానిదని చెప్పాను. నగరంలో ఖాళీ నేల ధర ఎంతో ఆ పిల్లవానికి కూడా తెలుసు. నా జవాబుతో వాడు తృప్తి పడినట్టు కనిపించలేదు.

ఆపా అడిగిన చివరి సందేహం ఖిబ్లా గురించి. హైదరాబాదులో మనం పడమరకు, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి నిలబడతాం. సెయింట్ ఆండ్రూస్‌లో ఖిబ్లా ఆగ్నేయ దిశలో ఉంటుంది. సముద్రం ఈశాన్యంలో కనిపిస్తే, దానిని ఎడమచేతి వైపు ఉంచుకొని నిలబడాలి. చిన్న చీటీ మీద దిక్కులు గీసి ఇచ్చాను. దానిని ఆమె పాస్‌పోర్టులో దాచుకున్నారు. ఆదివారం చూడవలసినవాటి జాబితా వేరే కాగితంపై రాసుకుంటున్నారు. శిథిలమైన పాత చర్చి, కోట, వెస్ట్ శాండ్స్ ఇసుకతీరం ఇప్పటికే అందులో చేరాయి.