నా బండికి మతి పోయిందట

మా కారు పొగ పరీక్షలో ఫెయిలైంది. నల్లగా పొగ కక్కి ఫెయిలై ఉంటే నోరు మూసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. దాని పొగను ఎవరూ చూడనే లేదు! కాలిఫోర్నియాలో 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూడడం మానేశారు. స్టీరింగ్ కింద ఉండే ప్లగ్గుకు ఒక తీగ తగిలించి, బండిలో ఉన్న కంప్యూటర్‌నే అడుగుతారు. అది ఏం చెబితే అదే సాక్ష్యం. మా కారు కంప్యూటర్ మాత్రం తనకేమీ గుర్తులేదు పొమ్మంది. అంతకుముందు పాత బ్యాటరీ చచ్చిపోతే కొత్తది వేయించాను. బ్యాటరీ తీగ ఊడదీసినప్పుడే అది దాచుకున్న లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోయాయట. ఇంజన్ బాగుంది, హెచ్చరిక దీపం వెలగలేదు, పొగ లేదు. అయినా ఫెయిలే.

ఇప్పుడేం చేయమంటావయ్యా అంటే, అక్కడి పంజాబీ కుర్రాడు ఎంతో మర్యాదగా చెప్పాడు: తిప్పండి సార్, ఊరికే తిప్పండి. కాసేపు ఫ్రీవే మీద ఒకే వేగంతో, కాసేపు ఊళ్లో ఆగుతూ సాగుతూ. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే మళ్లీ తిప్పండి. మెల్లమెల్లగా దానికి జ్ఞాపకం వస్తుంది.

అంటే నేను గాలి పాడుచేయడం లేదని సర్కారుకు రుజువు చూపించడానికి, పనీపాటా లేకుండా ట్యాంకు పెట్రోలు గాల్లోకి తగలెయ్యాలి. ఈ ముక్క ఫ్రీమాంట్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ చెప్పేశాను. ఇప్పుడు గుడి మెట్ల మీద నన్ను చూస్తే చెప్పులు చేతపట్టుకుని తప్పుకుంటున్నారు.

నిజం చెప్పాలంటే ఈ రాష్ట్రాన్ని ఈ విషయంలో మెచ్చుకోకుండా ఉండలేను. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్‌లో పొగమంచు కమ్మి జనం కళ్లు మండి ఏడ్చేవాళ్లు. 1984లో ఈ స్మాగ్ చెక్ మొదలుపెట్టారు. రెండేళ్లకోసారి తప్పనిసరి. మొదటి 8 మోడల్ సంవత్సరాలు కొత్త బండికి మినహాయింపు, దానికి బదులు ఏటా కొంత రుసుము. ఇప్పుడు ఆ ఊళ్లోంచి కొండలు కనబడతాయి. ఒప్పుకున్నాను. కానీ ఒళ్లో పర్సు పెట్టుకుని పనిలేకుండా పెట్రోలు తగలేసేవాడికి కొండల అందం కంటికి ఆనదు.

సరే, తిరగాల్సిందే కదా అని 880 ఫ్రీవే ఎక్కాను. అదంతా లారీలే. ఓక్లాండ్ ఓడరేవు కంటైనర్లన్నీ ఆ రోడ్డు మీదే పోతాయి. కొంతదూరం పోయి, తిరుగుదారిలో 580 పట్టుకుంటే ఒక్క పెద్ద లారీ లేదు. ఓక్లాండ్‌లో గ్రాండ్ అవెన్యూ నుంచి శాన్ లియాండ్రో పొలిమేర దాకా 9 వేల పౌండ్లు, అంటే సుమారు 4 టన్నులు దాటిన లారీకి ఆ రోడ్డెక్కే హక్కు లేదు. 1960ల నుంచీ ఇదే ఏర్పాటు. 580 పక్కన కొండల మీద కలవారి ఇళ్లు. 880 పక్కన పోర్టు, గోడౌన్లు, లేనివాళ్ల ఇళ్లు. కాబట్టి డీజిలు పొగ ఎవరి పిల్లలు పీల్చాలో రోడ్డు నంబరే తేల్చేసింది. మా కారు మతిమరుపును పట్టుకోగలిగిన ఇంత గొప్ప వ్యవస్థకు ఇది కనబడదా? నేను ఒక ట్యాంకు తగలేస్తూ ఆలోచించిన ఆలోచన ఇది, కాస్త మంటగానే ఉంటుంది మరి.

మా వైపు ఇలాంటి భాగ్యం లేదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం, అన్నీ ఒకే రోడ్డు మీదివి. ఇప్పుడు ఎన్‌హెచ్ 42 అంటున్నారు. అనంతపురం, కదిరి మీదుగా వచ్చి కృష్ణగిరికి పోతుంది. ఉన్నవాడూ లేనివాడూ కలిసే పొగ పీల్చేవాళ్లం, అదొక్కటే మా సమానత్వం. మా పెదనాన్న మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. ఎండాకాలం సెలవుల్లో నన్ను మండీకి తీసుకుపోయేవాడు. సాయంత్రానికి లారీ నిండాలి. చెన్నై కోయంబేడుకు పోయే లారీ అయితే తెల్లవారకముందే అక్కడ దిగాలి. పొద్దెక్కితే నగరంలో లారీలను ఆపేస్తారు, ఆగితే సరుకు రసమైపోతుంది. క్లీనర్ టార్పాలిన్ లాగి తాళ్లు కడుతుంటే డ్రైవరు ముందు నిమ్మకాయలు కట్టుకునేవాడు. పర్మిట్టు, ఎఫ్‌సీ, పొల్యూషన్ కాగితం, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి సీటు వెనక దోపేవాడు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉంటే మా పెదనాన్న గుండె టమోటాల కంటే ముందు మెత్తబడేది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017 జులైలో జీఎస్టీతోపాటు పోయాయి. పెదనాన్న అప్పటికే లేడు.

ఆ లారీలన్నీ ఏపీ 03. అది చిత్తూరు జిల్లా నంబరు. నాగపూరు దగ్గర ఢాబాలో ఏపీ 03 కనబడితే, మనోడురా అని బ్రేకు వేసేవాళ్లట. 2019 జనవరిలో జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు. ఎక్కడి బండో ఎవరికీ తెలీదు. శ్రీకాకుళం వాడూ నేనూ ఒకటే. సౌకర్యమే, కాదనను. కానీ ఆ 03 చూస్తే పరాయి ఊళ్లో ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ 880 మీద ఏ నంబరు చూసి లేచిరావాలి?

మన ఊళ్లో పొగ పరీక్ష గురించి ఇక్కడివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. పెట్రోలు బంకు పక్కన పాత మారుతీ ఓమ్నీ, లోపల కంప్యూటరు, బయట గొడుగు. బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు ఏడాదికోసారి, అంతకు పాతవాటికి ఆరు నెలలకోసారి. కాగితం లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత 10 వేల దాకా జరిమానా. ఒక్కోచోట గొట్టం సైలెన్సర్ దాకా పోకుండానే కాగితం బయటికొస్తుందని అందరికీ తెలుసు. అయినా ఆ ఓమ్నీ అబ్బాయి చూస్తే పొగనే చూస్తాడు. బండి జ్ఞాపకశక్తిని చూడడు. ఈ మాట నేను ఫోన్లో చెబితే పుంగనూరులో ఉన్న మా బావ పగలబడి నవ్వాడు.

"ఏం బామ్మర్దీ, తిప్పితే వచ్చే సర్టిఫికెట్టా? మా ఊర్లో ఉండే ఆటోలన్నిటికీ ఇచ్చేయాల్సిందే అయితే!"

బావ బాధ వేరే. బెంగళూరులో చవగ్గా వచ్చిందని కేఏ నంబరు కారు కొన్నాడు. ఏడాది దాటి మన రాష్ట్రంలో ఉంచుకుంటే 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం నంబరు మార్చాలి. మార్చాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టింది వెనక్కిమ్మని అర్జీ పెట్టాలి. ఇటునుంచి అటు పోయినా సుఖం లేదు. 2014లో కర్ణాటక వాళ్లు బయటి బండి 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలన్నారు, 2016లో వాళ్ల హైకోర్టే దాన్ని కొట్టేసింది.

ఇక్కడైతే నివాసం ఏర్పడిన 20 రోజుల్లో బండిని కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలి బావా, ఏడాది గడువు ఊసే లేదు అన్నాను, కాస్త గొప్పగానే. ఎందుకన్నానో, పొద్దుణ్ణించీ తిట్టిన రాష్ట్రాన్నే వెనకేసుకొచ్చాను.

"ఇరవై దినాలా!" అన్నాడు బావ. "ఈ మాట కుప్పంలో మీ చిన్నాయన కొడుక్కి చెప్పొద్దు. వాడి స్కూటరు టీఎన్ 24, కారు కేఏ 08, ట్రాక్టరు ఏపీ 03. కూరగాయలకు కృష్ణగిరి, పెండ్లాం పుట్టింటికి కేజీఎఫ్, చేను మాత్రం ఇక్కడ. వాడికి నీ చట్టం పెడితే ఇంక సంసారం ఆర్‌టీఓ ఆఫీసులోనే."